ఒక్క పేరు.. ఊరంత మంది

సిరిసిల్ల బి.వై.నగర్. పొద్దున పదకొండు దాటింది. సాంచాల (మరమగ్గాల) చప్పుడుకు గల్లీలో పక్కమనిషి మాట వినపడదు. ఓటరు జాబితా పట్టుకొచ్చిన బూత్ అధికారి కార్ఖానా గుమ్మంలో నిలబడి గొంతు పెంచి అడిగింది.

"రాజేశం అంటే ఎవరండీ?"

తెగిన పోగును వేళ్ల మధ్య పురిపెట్టి అతుకుతున్న మనిషి తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"ఏ రాజేశం మేడం? మా వాడకట్టుల నలుగురున్నరు."

ఆమె తండ్రి పేరు చదివింది. రాజయ్య.

"అట్ల గూడ ఇద్దరున్నరు. బీవండి రాజేశమా, చిట్టీల రాజేశమా చెప్పున్రి."

జాబితాలో బీవండి లేదు, చిట్టీలు లేవు. పేరు, తండ్రి పేరు, ఇంటి నంబరు, వయసు. అంతే. ఆ ఇంటి నంబరు కూడా పాతది. ఆఖరికి ఫొటో చూపిస్తేగానీ మనిషెవరో తేలలేదు.

ఓటరు జాబితా సవరణ వచ్చినప్పుడల్లా సిరిసిల్లలో, కోరుట్లలో, జగిత్యాలలో ఇదే తంతు. 2025లో బీహార్‌లో చేపట్టిన ప్రత్యేక సవరణలో ముసాయిదా జాబితా నుంచి దాదాపు 65 లక్షల పేర్లు పోయాయి. చనిపోయినవాళ్లు, వలసపోయినవాళ్లు, రెండుచోట్ల నమోదైనవాళ్లు అని కారణాలు చెప్పారు. అప్పటినుంచి దేశమంతా జాబితాల గురించే మాట. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్న ఇద్దరు మనుషుల్ని కాగితం ఒక్క మనిషే అనుకుంటే ఏంగాను? పేర్లు కలిసే ఊళ్లలో ఈ బెంగ ఇంకాస్త ఎక్కువ. పాత కరీంనగర్ జిల్లా అలాంటి సీమ. ఇక్కడ పేర్లు ఎందుకు కలుస్తాయో, ఆ కలిసిన పేర్లతోనే ఎవరెవరు ఎంతెంత ఎత్తుకు ఎదిగారో చెప్పుకోవాల్సిన కథ చాలా ఉంది.

కోడె కట్టి పెట్టిన పేరు

సిరిసిల్లకు కూతవేటు దూరంలో వేములవాడ. జనం నోట ఎములాడ. అక్కడి రాజరాజేశ్వరస్వామిని ఆ పూర్తి పేరుతో పిలిచే భక్తులు తక్కువ. రాజన్న అంటారు. దేవుణ్ని అన్నా అని పిలిచే సీమ ఇది. కొండగట్టు మీద ఆంజనేయుడు అంజన్న, కొమురవెల్లిలో మల్లన్న, ధర్మపురిలో నర్సన్న.

పెళ్లయి ఏళ్లు గడిచినా కడుపు పండని ఆలుమగలు ఎములాడకు పోయి మొక్కుకుంటారు. బిడ్డ పుడితే కోడెను కట్టేస్తామంటారు. పుట్టాక పుట్టువెంట్రుకలు తీయించి, గుండంలో స్నానం చేసి, కోడెతో గుడి చుట్టూ తిరిగి, తాడు పూజారి చూపించిన చోట కట్టేస్తారు. బిడ్డ పేరు అప్పటికే ఖాయమై ఉంటుంది. మొక్కిన రోజే అనుకున్న పేరది. మగబిడ్డయితే రాజయ్య, రాజేశం, రాజలింగం, రాజమల్లు, రాజేశ్వర్. ఆడబిడ్డయితే రాజవ్వ, రాజమ్మ, రాజేశ్వరి. ఇంట్లో ముగ్గురు పుడితే ఒకరికి ఎములాడ పేరు, ఇంకొకరికి కొండగట్టు పేరు, మరొకరికి ధర్మపురి పేరు పడేది. రాజయ్య తమ్ముడు అంజయ్య, అతని చెల్లె నర్సవ్వ. మేడారం జాతరలో మొక్కితే సమ్మయ్య, సారయ్య. ఒక ఇంటి పిల్లల పేర్లు వరసగా వింటే ఆ తల్లి ఏ ఏ గుట్టలెక్కి ఎవరెవరికి మొక్కిందో తెలిసిపోయేది.

దేవుళ్లు కొందరే. మొక్కేవాళ్లు వేలు. అందుకే పేర్లు కలిశాయి. ఊళ్లో వాళ్లకు దీంతో ఇబ్బందేమీ ఉండేది కాదు, ఎందుకంటే వాళ్ల దగ్గర వేరే పద్దు ఉంది. వృత్తిని బట్టి, రూపాన్ని బట్టి, పోయొచ్చిన ఊరిని బట్టి పేరుకు ముందు ఒక మాట తగిలించేవారు. పొడుగు రాజయ్య, సాంచాల రాజయ్య, బొంబాయి రాజయ్య, దుబాయ్ రాజయ్య. మహారాష్ట్రలోని బీవండికి పోయి మగ్గం నేసి తిరిగొచ్చినవాడు చచ్చేదాకా బీవండి రాజేశమే. ఆ ముందుమాటలో మనిషి చరిత్ర అంతా ఉండేది. సర్కారు కాగితానికి మాత్రం అది ఎప్పుడూ ఎక్కలేదు.

> ఎవరీ రాజన్న?
> వేములవాడ పదో శతాబ్దంలో వేములవాడ చాళుక్యుల రాజధాని. కన్నడ ఆదికవి పంపడు ఇక్కడి రాజు రెండో అరికేసరి ఆస్థానంలో ఉన్నాడు. పంపడి తమ్ముడు జినవల్లభుడు వేయించిన కుర్క్యాల శాసనంలో తెలుగు కందపద్యాలున్నాయి. గుడి ప్రాంగణంలోనే దర్గా కూడా ఉంది. రాజన్నకు మొక్కినవాళ్లు అక్కడా మొక్కుతారు. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సిరిసిల్ల జిల్లా పేరు ముందు రాజన్న చేరాడు. మనుషులకు పెట్టినట్టే జిల్లాకూ దేవుడి పేరు పెట్టారు. జగిత్యాల జిల్లా పుట్టిందీ అదే రోజు.

ఆ రాజేశ్వరరావు.. ఈ రాజేశ్వరి

రాజన్న పేరు మోసినవాళ్లలో రాజకీయంగా అందరికన్నా ఎక్కువ కాలం వినపడ్డ పేరు చెన్నమనేని రాజేశ్వరరావుది. 1923లో పుట్టారు. భూస్వాముల కుటుంబం. అలాంటి ఇంట్లో పుట్టి కమ్యూనిస్టు అయ్యారు. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేశారు. 1957లో చొప్పదండి నుంచి శాసనసభకు వెళ్లారు. ఆ తర్వాత సిరిసిల్ల ఆయన్ను 1967, 1978, 1985, 1994, 2004లో గెలిపించింది. చివరి గెలుపు తెలుగుదేశం తరఫున. ఆయన 2016 మేలో కన్నుమూశారు. సిరిసిల్ల ముసలివాళ్లు ఇప్పటికీ ఆయన్ను "రాజేశ్వరరావు సాబ్" అనే అంటారు. అడ్డపంచెతో పార్టీ ఆఫీసుకు పోయిన నేత కార్మికుడు కూడా ఆయన ఎదుట కుర్చీలో కూచుని మాట్లాడగలిగాడని వాళ్లు చెప్పే మాటలో గర్వం ఉంటుంది.

అదే కాలంలో అదే పార్టీలో ఇంకో రాజేశ్వరరావు ఉన్నారు. కృష్ణా జిల్లా మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు. 1964 నుంచి 1990 దాకా సీపీఐ ప్రధాన కార్యదర్శి. ఇద్దరి ఇంటిపేరూ 'చ'తోనే మొదలు. పత్రికల్లో ఒకరు సి.రాజేశ్వరరావు, ఒకరు సిహెచ్.రాజేశ్వరరావు. ఢిల్లీలో ఒకరు, సిరిసిల్లలో ఒకరు. ఇక సినిమా పాటలు ప్రేమించేవాళ్లకు రాజేశ్వరరావు అంటే 'మల్లీశ్వరి'కి బాణీలు కట్టిన సాలూరి రాజేశ్వరరావే.

ఇంత పెద్ద పేర్ల మధ్య ఈ కథనం ఎక్కువసేపు ఆగాలనుకునేది సిరిసిల్ల రాజేశ్వరి దగ్గర.

నేత కార్మికుల ఇంట్లో పుట్టింది. పుట్టుకతోనే చేతులు వంకర తిరిగి ఉన్నాయి. తల నిలవదు. మాట స్పష్టంగా రాదు. పలక ముందు పెడితే చెయ్యి కదలదు. ఆమె కాలు చాచింది. కాలి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య బలపం ఇరికించుకుని అక్షరం దిద్దింది. తర్వాత అదే సందులోకి పెన్ను వచ్చింది. నేల మీద నోటుబుక్కు పరిచి, ఒక కాలితో పేజీ కదలకుండా అదిమిపెట్టి, ఇంకో కాలితో రాసేది. ఒక పంక్తి అయ్యాక ఒళ్లంతా కదిలించుకుని మళ్లీ మొదటికి జరగాలి. మనం ఒక చీటీ రాసే సేపట్లో ఆమె నాలుగైదు మాటలు రాసి ఉంటుంది. అలా వందల కవితలు రాసింది. ఏడో తరగతితో బడి ఆగిపోయినా రాత ఆగలేదు.

ఆమె గురించి తెలిసి సుద్దాల అశోక్ తేజ వెతుక్కుంటూ వచ్చారు. ఆ కవితల్ని 'సిరిసిల్ల రాజేశ్వరి కవితలు' పేరుతో పుస్తకంగా తెచ్చారు. మహారాష్ట్రలో తెలుగు చదివే పిల్లల పాఠ్యపుస్తకంలో ఆమె మీద పాఠం వచ్చింది. ఇది చిన్న సంగతి కాదు. బీవండికి, షోలాపూర్‌కు, ముంబయికి మగ్గం పని వెతుక్కుంటూ పోయినవాళ్లలో చాలామంది సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల మనుషులు. వాళ్ల మనవలు అక్కడి తెలుగు బడిలో కూచుని తమ తాతల ఊరి ఆడబిడ్డ గురించి చదివారు. తర్వాత ప్రభుత్వం సిరిసిల్ల పక్కనే మండెపల్లిలో ఆమెకు ఇల్లు ఇచ్చింది. 2022 డిసెంబరులో, నలభై దాటిన కొద్దికాలానికే, ఆమె వెళ్లిపోయింది.

ఒకే దేవుడి పేరు. ఆ పేరుతో ఒకాయన ఆరుసార్లు శాసనసభలో మాట్లాడారు. ఆ పేరుతోనే మాట పెగలని ఒకామె కాలి వేళ్లతో మాట్లాడింది. ఆమె ఇంటిపేరు వేరే ఉంది. లోకం మాత్రం ఊరినే ఇంటిపేరు చేసి సిరిసిల్ల రాజేశ్వరి అంది. నేతన్నల ఊరికి ఇంతకంటే మంచి గౌరవం ఇంకెవరు తెచ్చారు? మన పిల్లల్ని ఆమె పుస్తకం చూశారా అని అడిగితే చాలామంది తల అడ్డంగానే ఊపుతారు. సిరిసిల్ల బడుల్లో ఆమె కవిత ఒక్కటైనా పిల్లల నోట పలికించకపోతే తప్పు మనదే.

> ఇంకొందరు రాజన్నలు
> జగిత్యాల నుంచి 1985లో తెలుగుదేశం తరఫున గెలిచి ఎన్టీఆర్ మంత్రివర్గంలో చేరిన జి.రాజేశం గౌడ్ తర్వాతి కాలంలో తెలంగాణ మొదటి రాష్ట్ర ఆర్థిక సంఘానికి అధ్యక్షుడయ్యారు. రెండో ఆర్థిక సంఘానికి అధ్యక్షుడు వరంగల్ మాజీ ఎంపీ సిరిసిల్ల రాజయ్య. ఒకరి పేరులో రాజన్న, మరొకరి పేరులో రాజన్నతోపాటు ఇంటిపేరుగా ఆ రాజన్న జిల్లా పేరు కూడా. తెలంగాణ తొలి ఉప ముఖ్యమంత్రుల్లో ఒకరైన తాటికొండ రాజయ్యదీ ఇదే పేరు.

జగిత్యాల ప్రభాకర్

జగిత్యాలలో ప్రభాకర్ అంటే సాహిత్యం తెలిసినవాళ్లెవరూ ఇంటిపేరు అడగరు. అలిశెట్టి ప్రభాకరే.

బొమ్మలేశాడు. ఫొటోలు తీశాడు. జగిత్యాలలో పూర్ణిమ స్టూడియో పెట్టాడు, కరీంనగర్‌లో శిల్పి స్టూడియో, హైదరాబాద్‌లో చిత్రం స్టూడియో. మూడు ఊళ్లలో మూడు స్టూడియోలు పెట్టినా డబ్బు నిలవలేదు. నిలిచింది కవిత్వం. 'ఎర్ర పావురాలు', 'మంటల జెండాలు', 'చురకలు', 'రక్తరేఖ', 'ఎన్నికల ఎండమావి', 'సంక్షోభగీతం', 'సిటీలైఫ్'. పుస్తకాల పేర్లు చదివితేనే మనిషి ఎటు నిలబడ్డాడో తెలుస్తుంది. నాలుగు పంక్తుల్లో గుండెలో గుచ్చుకునే కవిత రాసి, దానికి తనే బొమ్మ వేసి జనం మధ్య ప్రదర్శనకు పెట్టేవాడు. 'సిటీలైఫ్' చిన్న కవితలు 'ఆంధ్రజ్యోతి' దినపత్రికలో ఏళ్లతరబడి వచ్చాయి. పొద్దున్నే పేపరు తెరవగానే ముందు వాటినే వెతికిన పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. క్షయ రోగం ఆయన్ను తినేసింది. జనవరి 12న పుట్టాడు. 1993లో అదే జనవరి 12న పోయాడు. జగిత్యాలలో ఏటా ఆ రోజున జయంతి, వర్ధంతి కలిపే జరుపుతారు.

అదే పాత జిల్లాలో అలిశెట్టి కన్నా ముందే ఆ పేరును చరిత్రకు ఎక్కించిన మనిషి అనభేరి ప్రభాకరరావు. పోలంపల్లి దేశ్‌ముఖ్ కుటుంబం. దొరతనం వదిలి నిజాంకు వ్యతిరేకంగా దళం కట్టాడు. ఊళ్లలో పటేల్, పట్వారీల దస్త్రాలు కాల్చేయించాడు. రైతు మీద మోపిన అప్పు లెక్కలన్నీ ఆ కాగితాల్లోనే ఉండేవి మరి. 1948 మార్చి 14న హుస్నాబాద్ దగ్గర మహ్మదాపూర్ గుట్టల్లో పోలీసుల కాల్పుల్లో సింగిరెడ్డి భూపతిరెడ్డి, ఇతర సహచరులతో పాటు నేలకొరిగాడు. ఇవాళ ఆ హుస్నాబాద్‌కు శాసనసభ్యుడు పొన్నం ప్రభాకర్. 2009లో కరీంనగర్ ఎంపీగా గెలిచి, తెలంగాణ బిల్లు కోసం లోక్‌సభలో కొట్లాడి, 2023లో హుస్నాబాద్ నుంచి గెలిచి మంత్రి అయ్యారు.

ప్రభాకరుడంటే సూర్యుడు. ఇది మొక్కుబడి పేరు కాదు. రాజయ్య, మల్లయ్యల మధ్య కాస్త చదువు వాసన ఉన్న పేరు. బడికి పోయిన తరం తమ పిల్లలకు పెట్టుకోవడం మొదలుపెట్టిన పేర్లలో ఇదొకటి. రవీందర్, సుధాకర్, భాస్కర్ కూడా ఆ కాలంవే. గుడి నుంచి బడి దాకా నడిచిన పేర్లివి.

కోరుట్లకు ఇద్దరు విద్యాసాగరులు

కోరుట్ల, మెట్‌పల్లి ఓటర్లది ఇంకో విచిత్రం. నియోజకవర్గాల పునర్విభజనకు ముందు అక్కడి నియోజకవర్గం పేరు మెట్‌పల్లి. అక్కడ 1985, 1989, 1994లో వరసగా గెలిచింది బీజేపీ నాయకుడు చెన్నమనేని విద్యాసాగర్‌రావు. 2009లో నియోజకవర్గం కోరుట్లగా మారింది. గెలిచింది టీఆర్ఎస్ నాయకుడు కల్వకుంట్ల విద్యాసాగర్‌రావు. 2010 ఉప ఎన్నిక, 2014, 2018లోనూ ఆయనే. పార్టీ మారింది, నియోజకవర్గం పేరు మారింది, ఇంటిపేరు మారింది. బ్యాలెట్ మీద విద్యాసాగర్‌రావు మాత్రం ఉన్నారు. 2023లో కోరుట్ల నుంచి కల్వకుంట్ల వారి కొడుకు సంజయ్ గెలిచాక ఆ పేరు శాసనసభ జాబితా నుంచి దిగింది.

చెన్నమనేని విద్యాసాగర్‌రావు సిరిసిల్ల రాజేశ్వరరావుకు స్వయానా తమ్ముడు. అన్న ఎర్రజెండా, తమ్ముడు కాషాయ జెండా. 1985లోనూ 1994లోనూ అన్నదమ్ములిద్దరూ ఒకే శాసనసభలో కూచున్నారు, రెండు వేర్వేరు పక్షాల బల్లల మీద. నడిమి సోదరుడు హనుమంతరావు దేశం గౌరవించిన ఆర్థికవేత్త, ప్రణాళికా సంఘంలో సభ్యుడు. తమ్ముడు 1998, 1999లో కరీంనగర్ ఎంపీ అయి, వాజ్‌పేయి ప్రభుత్వంలో హోంశాఖ సహాయ మంత్రిగా చేసి, 2014 నుంచి 2019 దాకా మహారాష్ట్ర గవర్నర్‌గా ఉన్నారు. 2016లో జయలలిత కన్నుమూసి తమిళనాడు అల్లకల్లోలమైన రోజుల్లో ఆ రాష్ట్రానికి ఇన్‌ఛార్జి గవర్నర్ కూడా ఆయనే.

ఆ ఇంట్లో పేర్ల వరస ఒకసారి చూడండి. రాజేశ్వరరావు పేరులో ఎములాడ దేవుడు. హనుమంతరావు పేరులో అంజన్న. ఆఖరివాడి పేరులో దేవుడు లేడు. ఒక బెంగాలీ పండితుడున్నాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఈ సీమ పేర్లు ఎటు మళ్లాయో ఒక్క ఇంటి పిల్లల వరసలోనే కనపడుతుంది. దేవుడికి మొక్కి పెట్టుకున్న పేరు పక్కనే మనిషిని మెచ్చి పెట్టుకున్న పేరు వచ్చి కూచుంది.

నల్లగొండ జిల్లాలో ఇంకో విద్యాసాగర్‌రావు పుట్టారు. కేంద్ర జలసంఘంలో చీఫ్ ఇంజనీరుగా పనిచేసి, కృష్ణా గోదావరి నీళ్లలో తెలంగాణ వాటా ఎంత, దక్కింది ఎంత అని లెక్కలతో సహా ఊరూరా తిరిగి చెప్పిన ఆర్.విద్యాసాగర్‌రావు. శ్రీరాంసాగర్ కాల్వ నీళ్ల కోసం ఎదురుచూసిన జగిత్యాల, కోరుట్ల రైతులకు ఆ లెక్కలు తమ సొంత గోడులాగే తోచాయి. 2017 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాక డిండి ఎత్తిపోతల పథకానికి ఆయన పేరు పెట్టారు.

> బిరుదు పేరుగా మారిన వైనం
> 1820లో బెంగాల్‌లోని బీర్‌సింగ గ్రామంలో పుట్టిన ఈశ్వరచంద్ర బందోపాధ్యాయకు కలకత్తా సంస్కృత కళాశాల చదువుతో వచ్చిన బిరుదు విద్యాసాగర్. ఆయన పోరాటంతోనే 1856లో వితంతు పునర్వివాహ చట్టం వచ్చింది. తెలుగునాట 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించిన కందుకూరి వీరేశలింగాన్ని దక్షిణదేశ విద్యాసాగరుడన్నారు. బెంగాల్లో బిరుదుగా మొదలైన మాట తెలుగువాళ్ల ఇళ్లలో పసిబిడ్డ పేరైంది. 'స్వరాభిషేకం' చిత్రానికి జాతీయ అవార్డు అందుకున్న సంగీత దర్శకుడి పేరూ విద్యాసాగరే.

తారకరాముళ్లు

సిరిసిల్ల రాజేశ్వరరావు తెలుగుదేశం తరఫున చివరిసారి గెలిచింది 2004లో. ఆ తర్వాతి ఎన్నికలో, 2009లో, సిరిసిల్ల నుంచి గెలిచిన మనిషి పేరు తెలుగుదేశం స్థాపకుడి పేరే. కల్వకుంట్ల తారక రామారావు. కేటీఆర్. ఆ మొదటిసారి మెజారిటీ 171 ఓట్లు. ఏడాది తిరిగేసరికి తెలంగాణ కోసం రాజీనామా చేసి, 2010 ఉప ఎన్నికలో 68 వేల పైచిలుకు మెజారిటీతో వచ్చారు.

నిమ్మకూరులో 1923 మే 28న నందమూరి వారింట్లో బిడ్డ పుట్టినప్పుడు తల్లి కృష్ణుడని పేరు పెడదామనుకున్నదట. మేనమామ తారకరాముడంటే బాగుంటుందన్నాడట. చివరికి తారకరామారావు అయింది. ఆ పేరు తెరమీద రాముడై, కృష్ణుడై, దుర్యోధనుడై ఇంటింటికీ వెళ్లింది. 1976లో కల్వకుంట్ల చంద్రశేఖర్‌రావు తన కొడుక్కి ఆ అభిమాన నటుడి పేరే పెట్టుకున్నారు. ఎన్టీఆర్ అప్పటికి రాజకీయాల్లో లేరు. ఏడేళ్ల తర్వాత, 1983లో, అదే ఎన్టీఆర్ పెట్టిన పార్టీ తరఫున కేసీఆర్ సిద్దిపేటలో తొలిసారి పోటీ చేసి ఓడారు, 1985లో గెలిచారు. అంటే ఆ ఇంట్లోకి ముందు పేరు వచ్చింది, పార్టీ తర్వాత వచ్చింది.

నందమూరి ఇంట్లోనూ ఆ పేరు ఆగలేదు. హరికృష్ణ కొడుక్కి తాత పేరు పడింది. ఆయనే ఇవాళ్టి జూనియర్ ఎన్టీఆర్. హరికృష్ణ పెద్దకొడుకు దివంగత జానకిరామ్ కొడుకు కూడా తారక రామారావే. అతణ్ని హీరోగా పరిచయం చేస్తున్నట్టు 2024లో దర్శకుడు వై.వి.ఎస్.చౌదరి ప్రకటించారు. ఊళ్లల్లో ఎన్టీఆర్ పుట్టినరోజు చుట్టుపక్కల పుట్టిన రామారావులకైతే లెక్కే లేదు. ఎనభైల మొదట్లో పుట్టిన ఆ రామారావులు ఇప్పుడు నలభైల్లో ఉన్నారు.

ఇద్దరు తారకరాముళ్ల రాజకీయంలోనూ చీర ఉంది. పేదలకు సగం ధరకే చీర, ధోవతి ఇస్తామన్నారు ఎన్టీఆర్. 2017 నుంచి బతుకమ్మ చీరల్ని సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించింది అప్పటి ప్రభుత్వం. చేనేత, జౌళి మంత్రి కేటీఆర్. ఏడాదికి కోటి దాకా చీరలు. అంతకుముందు పని దొరక్క, అప్పు తీరక ఉరేసుకున్న నేత కార్మికుల వార్తలు సిరిసిల్ల నుంచి ఏళ్లతరబడి వచ్చాయి. చీరల ఆర్డరు అందుకే అక్కడ అన్నం ముద్ద. 2023లో ప్రభుత్వం మారాక బతుకమ్మ చీరలు ఆగిపోయి సాంచాలు కొన్నాళ్లు నిలిచిపోయాయి. ఆ రోజుల్లో సాంచాలు నడిపే ఆసాముల దగ్గర, కార్మికుల దగ్గర ఉన్న భయం మాటల్లో చెప్పేది కాదు. తర్వాత మహిళా సంఘాలకు చీరలు ఇవ్వాలని కొత్త ఆర్డరు వచ్చింది. 2025 నవంబరులో వాటి పంపిణీ మొదలైంది. పేరు ఇందిరమ్మ చీర. నేసింది ఆ సాంచాల మీదే. సర్కారు ఎవరిదైనా చీరకు ఏ పేరైనా పెట్టుకోవచ్చు. ఆర్డరు మాత్రం ఏ ఏడాదీ ఆగకూడదు.

విమానమెక్కితే పేరు తిరగబడుతుంది

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ గల్ఫ్ ఊళ్లే. ఇంటికొకరు కాకపోయినా గల్లీకి పదిమంది దుబాయ్, మస్కట్, సౌదీలలో ఉంటారు. ఒకే పేరు గొడవ నిజంగా కొరుక్కు తినేది అక్కడే.

మన పద్ధతిలో ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి, సొంత పేరుకు వేరే గడి. ఏజెంటు హడావుడిగా నింపిన ఫారంలో రెండూ తారుమారవుతాయి. ఇంటిపేరు పొడి అక్షరంగా మిగులుతుంది. కొందరికి తండ్రి పేరు ఇంటిపేరు గడిలో పడుతుంది. ఆధార్‌లో రాజేశం, బడి సర్టిఫికెట్‌లో రాజేశ్, బ్యాంకులో రాజేశ్వర్. మనిషి ఒక్కడే. 2022 నవంబరు 21 నుంచి యూఏఈ ఒంటి పేరు మీద, అంటే రెండు గడుల్లో ఒకటి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీద, విజిట్ వీసాతో వచ్చేవాళ్లను రానివ్వబోమంది. ఊళ్లో ఒక్క పేరుతో బతికినవాళ్లకు ఆ ఖాళీ గడి ఉద్యోగం మీదికి తెచ్చింది.

లేబర్ క్యాంపులో ఒకే గదిలో ఇద్దరు రాజయ్యలుంటే ఊరి పేరుతో విడదీసుకుంటారు. కోరుట్ల రాజన్న, ఇల్లంతకుంట రాజన్న. ఊరు వదిలి అంత దూరం పోయాక ఊరే ఇంటిపేరవుతుంది.

ఇంటి దగ్గర ఆడవాళ్ల కష్టం వేరు. బీడీలు చుట్టే అక్కలకు కార్ఖానాలో రాసిన పేరు రాజవ్వ. ఆధార్‌లో రాజేశ్వరి. పింఛను కోసం, పీఎఫ్ డబ్బు కోసం పోయినప్పుడు రాజవ్వ, రాజేశ్వరి ఒక్కరేనని రుజువు చూపించమంటారు. ముప్పయ్యేళ్లు వేళ్లు అరగదీసుకుని చుట్టిన బీడీల కూలి, పేరులో రెండు అక్షరాల తేడా దగ్గర ఆగిపోతుంది. ఈ ముసలమ్మల్ని ఆఫీసుల చుట్టూ తిప్పడం అన్యాయం. కార్ఖానాలో తోటి కూలీలు ఇద్దరు వచ్చి "గీమె గామెనే" అని సంతకం పెడితే చాలనే ఏర్పాటు చేయడం పెద్ద పనేం కాదు.

రాజవ్వలు ఇక పుట్టరా?

ఇప్పటి అంగన్వాడీ రిజిస్టరులో రాజయ్య కనపడడు. ఆద్య, సాన్వి, రిత్విక్, శ్రీయాన్ష్ కనపడతారు. ఎములాడలో కోడె మొక్కులు తగ్గలేదు, సోమవారం వస్తే క్యూలైను అంతే పొడుగు. మొక్కు అలాగే ఉంది, పేరే పోయింది. మొక్కిన తల్లులు దేవుడి పేరు పూర్తిగా పెట్టకుండా 'ర' అక్షరం కలిసేలా రితిక, రుద్రాన్ష్ అని సర్దుకుంటున్నారు. వింటానికి బాగున్న పేరు పిల్లలకు పెట్టుకోవాలన్న కోరికను తప్పు పట్టలేం. పల్లెటూరి పేరని పట్నం బడిలో నవ్వుతారన్న భయం దాని వెనక ఉందే, అదే మనసును కలుక్కుమనిపిస్తుంది. రాజేశ్వరి అన్న పేరు పాతదని పక్కన పెట్టే ముందు కాలితో కవిత్వం రాసిన ఆమెను ఒకసారి తలుచుకుంటే బాగుండు. ప్రభాకర్ అన్నప్పుడు జగిత్యాల పిల్లలకు అలిశెట్టి గుర్తురావాలి.

తమాషా ఏమిటంటే కొత్త పేర్లూ కలుస్తున్నాయి. ఫోన్‌లో వెతికి ఎవరికీ లేని పేరు పెట్టామనుకుంటారు. బడిలో చేర్పిస్తే తరగతిలో ముగ్గురు సాన్విలుంటారు. టీచరమ్మలు సాన్వి కె, సాన్వి ఎం, సాన్వి బి అని పిలుస్తారు.

ఏ పేరు పెట్టినా కాగితం మీద జాగ్రత్తగా పెట్టాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకు జనన ధ్రువపత్రమే బడికి, ఓటుకు, పాస్‌పోర్టుకు, ఆధార్‌కు పుట్టిన తేదీ ఆధారమని చట్టం మారింది. పేరు లేకుండా జననం నమోదైతే ఏడాదిలోపు రుసుం లేకుండా పేరు రాయించుకోవచ్చు. ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. రాయించేటప్పుడు ఇంటిపేరు పొడి అక్షరంగా కాక పూర్తిగా రాయించండి. తల్లి పేరు, తండ్రి పేరు వాళ్ల ఆధార్‌లో ఎలా ఉందో ఒక్క అక్షరం తేడా లేకుండా అలాగే రాయించండి. మునిసిపాలిటీలో, గ్రామ పంచాయతీలో కాగితం చేతికిచ్చాక అక్కడే నిలబడి చదువుకుని, తప్పుంటే అక్కడే చెప్పండి. చదువు రానివాళ్లు వెంట ఒక పిల్లనో పిల్లగాణ్నో తీసుకుపోండి.